ఇసుకలో నడిచే చంకకర్ర ఎంత పొడుగుండాలి

ఫిజియోథెరపీ చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక మర్యాద కోసం ఒక ప్రశ్న అడుగుతారు: "మేడమ్, మీ రోజుల్లో మిషన్లు లేకుండా ఎలా చేశారండి?" మిషన్లు లేకపోవడం అసలు కష్టమే కాదంటే నమ్మరు. కష్టమంతా చంకకర్ర పొడుగు దగ్గరే ఉండేదంటే నవ్వేస్తారు. వాళ్లు నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. ఇది రాయడానికి కారణం ఆ మంటే.

ఎనభైల మొదట్లో తెనాలిలో ఒక ఆసుపత్రిలో చేరి, తొంభైలు ముగిసేదాకా అక్కడే పనిచేశాను. నెలకోసారి బాపట్లలో, ఇంకోసారి రేపల్లెలో శిబిరాలు పెట్టేవాళ్లం. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయను. అవి నాకే గుర్తులేవు. మనుషులు మాత్రం గుర్తున్నారు.

బస్టాండు దాకా వెళ్లి టీ తాగి రా

పుస్తకంలో లెక్క చాలా సులువు. మనిషి ఎత్తులోంచి పదహారు అంగుళాలు తీసేస్తే చంకకర్ర పొడుగు వస్తుంది. నిలబెట్టి చూస్తే చంకకీ కర్ర పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొంచెం వంగాలి. బరువు అరచేతుల మీద పడాలి. చంకల మీద వేలాడితే అక్కడి నరాలు నలిగి చేతులు మొద్దుబారతాయి, కాలు పోగొట్టుకున్న మనిషికి చెయ్యి కూడా పోయినంత పనవుతుంది. పుస్తకంలో ఉన్నది ఇంతే, అరపేజీ.

మా పెద్ద డాక్టరు గారు ఎముకల సర్జన్. మాట కరుకు, చెయ్యి మెత్తన. నేను చేరిన మొదటి వారంలోనే ఒక జత కర్రలు నా చేతికిచ్చి, "ఏమ్మా, ఎడమ కాలు కింద పెట్టకుండా బస్టాండు దాకా వెళ్లి టీ తాగి రా" అన్నారు. సరదాకి అంటున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆసుపత్రి గేటు బయట మురుగుకాలవ మీద ఒక పలక ఉండేది. రోజూ దాన్ని దాటేదాన్ని గానీ అది ఒక పక్కకి ఒరిగి ఉంటుందని అప్పటిదాకా గమనించలేదు. రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటాయని కూడా ఆ రోజే తెలిసింది. రిక్షా బెల్లు వెనక మోగితే పక్కకి తప్పుకోవడానికి ఎంత ఆలోచించాలో తెలిసింది. ఎవరో పెద్దావిడ ఆగి, "అయ్యో తల్లీ, ఇంత చిన్న వయసులో ఏమైందమ్మా?" అంటే "ఏం లేదమ్మా" అని గొణిగి ముందుకి కదిలాను. తీరా హోటలుకి చేరాక టీ కొట్టాయన గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా చేతులు రెండూ కర్రల మీదున్నాయి. ఆ గ్లాసు ఎలా ఎత్తాలో తెలియక వేడి టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. నొప్పి కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. మనందరం ఒక్క ఆలోచన కూడా ఖర్చుపెట్టకుండా ఇంత పెద్ద పని పొద్దస్తమానం ఎలా చేసేస్తున్నామా అని రాత్రి అన్నం తింటూ కూడా నా పాదాల వంక చూసుకున్నాను. కొత్తగా చేరిన ప్రతివాళ్లనీ నేనూ అలాగే టీకి పంపాను. ఒకమ్మాయి ఏడ్చింది. ఆమే అందరికన్నా బాగా పనిచేసింది.

పెరిగే పిల్ల కదండీ

మన వైపు అమ్మలతో ఒక తంటా ఉంది. బడి గౌను కుట్టించినా, బూట్లు కొన్నా రెండు మూడేళ్లు రావాలని పెద్ద సైజు తీసుకుంటారు. చంకకర్రల విషయంలోనూ అంతే. పోలియో వచ్చిన పిల్లని సంగం జాగర్లమూడి నుంచి ఒకావిడ తీసుకొచ్చింది. కొలతలు తీస్తుంటే టేపు పట్టుకుని ఆపేసింది.

"కొంచెం పొడుగ్గా చేయించండి మేడమ్ గారూ. పెరిగే పిల్ల కదండీ."

"పెరిగాక మళ్లీ చేయిద్దామమ్మా."

"మళ్లీ మీరుంటారో, ఈ ఆసుపత్రి ఉంటదో! గౌనుకి కింద మడత పెట్టి కుట్టించినట్టు దీనిక్కూడా ఏదో ఒకటి పెట్టండి."

నేను వినలేదు. సరిగ్గా కొలిచి ఇచ్చాను. తర్వాతి నెల చూస్తే ఊళ్లో వడ్రంగి చేత అడుగున ముక్క అతికించి పొడుగు పెంచేసింది! పిల్ల భుజాలు చెవులకి తగులుతున్నాయి, నడక మాత్రం లేదు. అప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఆ తల్లి అడిగినదాంట్లో తప్పు లేదు. మా ఆసుపత్రి వడ్రంగి బ్రహ్మం చేత కర్ర కింది భాగాన్ని విడిగా చేయించి, వరసగా బెజ్జాలు వేయించి, బోల్టూ చేత్తో తిప్పే నట్టూ పెట్టించాను. పిల్ల ఎదిగితే ఒక బెజ్జం దించుకోవచ్చు. ఆ తల్లి అటూ ఇటూ తిప్పి చూసి, "మడత అంటే ఇదేనండి, ముందే పెట్టొచ్చుగా" అంది.

అలా బెజ్జాలున్న కర్రలు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు తాలూకాలకీ పంపాం. రేపల్లె వైపు పొలం గట్ల మీద కర్ర దిగబడి, పైకి లాగితే అడుగున ఉన్న రబ్బరు తొడుగు బురదలోనే ఉండిపోతోందని ఫిర్యాదు వచ్చింది. దాన్ని సైకిలు ట్యూబు రబ్బరుతో బిగించి కట్టడం నేర్పాం. నేల గురించి అంతకుమించి ఆలోచించాల్సిన పనుందని మాలో ఎవరికీ తట్టలేదు.

మీ ఊరి కర్రలండి ఇవి

బాపట్ల శిబిరానికి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి తిరుపతమ్మ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు పూర్తిగా చచ్చుబడింది, ఎడమ కాలిలో కొంత బలం ఉంది. చేతులు మాత్రం గొప్ప బలమైనవి, ఒళ్లో పెట్టుకుని వలలు అల్లిన చేతులు. కుడికాలు వంగిపోకుండా ఇనప కడ్డీల క్యాలిపర్ వేసి కర్రలు ఇస్తే శిబిరం వరండాలో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచేసింది. నేను చూసినవాళ్లలో అంత తొందరగా పట్టుకున్నది ఆమే.

తర్వాతి నెల వాళ్లమ్మ ఆమెను వీపున మోసుకొచ్చింది. కర్రలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి.

"ఏంటి తిరుపతమ్మా, వాడట్లేదా?"

"మీ ఊరి కర్రలండి ఇవి. మా ఊళ్లో నడవవు."

మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. శిబిరం అయ్యాక నేనే వాళ్లతో వెళ్లాను.

ఆ పల్లెలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పడవలు ఒడ్డుకి రాగానే చేపల్ని తడి ఇసుక మీద కుప్ప పోస్తారు. అక్కడికక్కడే వేలంపాట. చుట్టూ నిలబడ్డవాళ్లకే పాట పాడే హక్కు. ఎంత పాత బేరగాళ్లయినా దూరం నుంచి కేక వేస్తే చెల్లదు. ప్రతి ఇంటి ఆడమనిషికీ ఆ కుప్ప దగ్గర ఒక చోటు ఉంటుంది. కొన్నాళ్లు ఆ ఇంటి మనిషి రాకపోతే పక్కావిడ జరిగి ఆ చోట్లో నిలబడుతుంది, ఇక అది ఆమెదే. తిరుపతమ్మకి తండ్రి లేడు. తల్లి పాడి కొన్న చేపలతోనే ఇల్లు గడుస్తోంది. ఆ తల్లికి చూపు తగ్గింది. కుప్పలో మెత్తబడిన చేప ఏదో, తాజాది ఏదో పోల్చుకోలేక రెండుసార్లు మోసపోయి, పాటకి వెళ్లడం తగ్గించేసింది.

ఇంటికీ ఒడ్డుకీ మధ్య పొడి ఇసుక ఉంది. నా ముందే తిరుపతమ్మ కర్రలు వేసింది. జానెడు లోతు దిగాయి. దిగేసరికి కర్ర పొట్టిదైపోయి ముందుకి తూలింది, పడింది. లేచి మళ్లీ వేసింది, మళ్లీ పడింది. నేను పరుగెత్తబోతే వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పాక్కుంటూ పోలేనా అమ్మగారూ? చిన్నప్పట్నించీ పాకిందాన్నే," అంది తిరుపతమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఇసుక దులుపుకుంటూ. "పాక్కుంటూ పోయి పాట పాడితే ఎవరు లెక్కచేస్తారండి? నిలబడాలి. నలుగుర్లో నిలబడి పాడాలి."

తెనాలి వచ్చి పెద్ద డాక్టరు గారికి చెప్పాను. ఆయన, "సముద్రం దగ్గర ఆ తంటా ఎందుకమ్మా? కుట్టుమిషను ఇప్పిద్దాం, ఇంట్లో కూర్చుని కుట్టుకుంటుంది" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం అలా ఉంచి ఒక మాట చెప్తాను. కాలు లేని ఆడపిల్ల కనిపిస్తే చాలు, మన వృత్తిలో అందరికీ కుట్టుమిషనే గుర్తొస్తుంది. ఆ పిల్లకి ఏ పని వచ్చో, ఏది కావాలో అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. మీరు మాత్రం అడగండి.

ఏ కొండకి పోతున్నావ్

ఆ రోజుల్లోనే కాకుమాను నుంచి దేవదానం గారు అనే మాజీ జవాను మా దగ్గరికి వచ్చారు. హిమాలయాల్లో పనిచేస్తుండగా గడ్డకట్టే మంచుకి పాదం చచ్చిపోయి కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. సైన్యం వాళ్లు ఇచ్చిన కాలికి బెల్టు తెగిందని, బాగయ్యేదాకా చంకకర్రలు కావాలని వచ్చారు. నేను కొలతలు తీస్తూ పరధ్యానంగా తిరుపతమ్మ ఇసుక గురించి చెప్పాను. ఆయన వింటూ వింటూ నవ్వారు.

"అచ్చం మా మంచేనండి మేడమ్. రాత్రి కురిసిన మంచు పొద్దున చూస్తే బియ్యప్పిండిలా పొడిపొడిగా ఉంటదండి. బూటు వేసి అడుగేస్తే మొల దాకా దిగిపోతాం. అదే మనిషి కాళ్లకి పొడుగాటి చెక్కలు కట్టుకున్నాడనుకోండి, పైన తేలతాడు. వాటిని స్కీలంటారు."

"ఎంత పొడుగుంటాయి?"

"ఆ పొడి మంచుకైతే, చెయ్యెత్తి నిలబడితే మణికట్టు దాకా వచ్చేవి కావాలండి. పొడుగు కొద్దీ తేలతాయి. కానీ వాటితో గట్టి మంచు మీదకొస్తే ఒక పట్టాన తిరగవు. చెట్టు అడ్డమొచ్చిందంటే చెట్టులోకే పోతాం. పొట్టివైతే గట్టి మంచు మీద చక్కగా తిరుగుతాయి గానీ, పొడి మంచులో ముక్కు కిందకి పెట్టేస్తాయండి."

"మరి రెండు రకాలూ ఉన్న కొండయితే?"

"నుదురు దాకానో, నడినెత్తి దాకానో వచ్చే మధ్యరకం తీసుకుంటాం. ఎక్కడా గొప్పగా ఉండవు, ఎక్కడా ప్రాణం మీదకి తేవు. కొత్తగా నేర్చుకునేవోడికి గడ్డం దాకా చాలు. అదీ బరువుని బట్టండి. నాకన్నా పొట్టోడే ఒకడుండేవాడు, మనిషి బాగా లావు. వాడికి నాకన్నా పొడుగువి ఇచ్చేవోళ్లు. స్టోర్లో ఉండే సుబేదారు గారు ఎవడి ఎత్తూ ముందు అడిగేవారు కాదు. 'ఏ కొండకి పోతున్నావ్?' అని అడిగేవారు."

నేను టేపు కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. అది మండు వేసవి, ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. కాకుమాను మాగాణుల్లో, కొండన్నది ఎరగని చదును నేలలో పుట్టిన మనిషి, మేఘాల పైన తెల్లటి కొండ మీద తేలుతూ కిందకి రావడం నా కళ్లకి కట్టింది. ఈ లోకంలో ఎన్ని రకాల నేలలున్నాయో, ప్రతి నేల మీదా నిలబడే ఉపాయం ఎవరో ఒకరు ఎలా కనిపెట్టారో అనుకుంటే నా గుండె నిండిపోయింది.

"ఆ మంచే కదండీ మీ కాలు తీసుకుంది?" అన్నాను.

"తీసుకుందండి. కానీ అంత అందమైంది నేనింకోటి చూళ్లేదు," అన్నారు దేవదానం గారు.

వెళ్లబోతూ ఇంకో మాట చెప్పారు. స్కీలు వేసుకున్నవాళ్లు రెండు చేతుల్లోనూ సన్నటి కర్రలు పట్టుకుంటారట. అవి మంచులో దిగిపోకుండా అడుగున చపాతీ అంత రింగు, దాని మధ్యలో తోలు పట్టీలు ఉంటాయట. పలక పెట్టకుండా రింగే ఎందుకు పెట్టారని అడిగితే, "పలకైతే మంచుని ఎత్తుకొస్తదండి. రింగులోంచి మంచు జారిపోద్ది" అన్నారు.

పొడుగూ పొట్టీ

ఆయన చెప్పినా బ్రహ్మానికి పలక మీదే నమ్మకం. గుండ్రటి చెక్క పలకలు చేసి కర్రల అడుగున బిగించాడు. తిరుపతమ్మ వాటితో పొడి ఇసుకలో పడకుండా నడిచింది గానీ, ప్రతి అడుగుకీ పలక మీదకెక్కిన ఇసుకని కూడా మోసింది. తడి ఇసుకలోకి వెళ్లేసరికి పలక అంటుకుపోయి పైకి రానంది. దాంతో బ్రహ్మం మొహం చిన్నబుచ్చుకుని, పేము వంచి రింగులు చుట్టి, పాత టైరు పట్టీలు అల్లి తెచ్చాడు. అవి పనిచేశాయి. కర్ర జానెడు దిగే చోట రెండు వేళ్లే దిగింది.

ఇక పొడుగు సంగతి. ఆ దిగిన రెండు వేళ్లూ కర్రకి కలపాలి. కలిపితే ఇసుకలో సరిపోతుంది, గట్టి నేల మీద భుజాలు పైకి లేస్తాయి. బెజ్జాలున్నాయి కదా, ఇసుకలో దించుకుని రోడ్డు మీద ఎక్కించుకోమన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. నెల తిరిగేసరికి ఉప్పుగాలికి నట్టు తుప్పుపట్టి బోల్టుతో ఏకమైపోయింది. సుత్తితో కొట్టినా రాలేదు.

రెండు జతలు ఇద్దామన్నారు పెద్ద డాక్టరు గారు. అప్పటికి ఆయనకీ పట్టుదల వచ్చేసింది, కుట్టుమిషను మాట ఎత్తడం మానేశారు. తిరుపతమ్మ ఒప్పుకోలేదు. "రెండో జత ఎవరు పట్టుకొస్తారండి? చేపలు మోసేవోళ్లని నా కర్రలు కూడా మొయ్యమనాలా?"

ఏదో ఒక పొడుగే ఎంచుకోవాలి. పుస్తకం ప్రకారమైతే గట్టి నేలకి కొలవాలి, లేదంటే మధ్యరకం. మధ్యరకమే చేసి ఇద్దామని నేనూ ఆయనా తేల్చుకున్నాం. చెప్పి చూడమన్నారు ఆయన. చెప్పాను.

"మీ రోడ్డు మీదికి నెలకోసారి వస్తానండి," అంది తిరుపతమ్మ. "ఒడ్డుకి రోజూ పోవాలి. ఇసుకకే కొలవండి. రోడ్డు మీద వంకరగా నడిస్తే నడుస్తాలెండి."

"చంకలు నొప్పెడతాయి తల్లీ. నరాలకి మంచిది కాదు."

"రోడ్డు మీద కొంచెం నడిచి కూర్చుంటాను. నేనెంతసేపు నడవాలో నాకు తెలుసు కదండీ."

నిజమే, ఆమెకి తెలుసు. నేను ఇసుకలోనే ఆమెను నిలబెట్టి, కర్ర దిగాక చంక కింద వేళ్లు పెట్టి చూసి, మోచెయ్యి వంపు చూసి, అక్కడే గీత గీశాను. కింది ముక్కకి బోల్టు లేకుండా బ్రహ్మం కొయ్య మేకులతో బిగించేశాడు. ఏ పుస్తకంలోనూ లేని పొడుగు అది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఎత్తు అడగడానికి ముందు, రోజూ ఎక్కడెక్కడ నడుస్తారని అడగడం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి. ఇంటికి వెళ్లి చూడగలిగితే ఇంకా మంచిది.

పాట

ఆ కర్రలతో ఆమె మొదటిసారి ఒడ్డుకి వెళ్లే రోజు నేను ముందురోజే బాపట్లలో మా బంధువులింట్లో దిగి, తెల్లారేసరికి ఆ పల్లెకి చేరాను. పడవలు అప్పుడే అలల మీదకి వస్తున్నాయి. తిరుపతమ్మ గుమ్మంలోంచి బయటికొచ్చింది. వాళ్లమ్మ ఖాళీ గంపతో వెనక నడిచింది, ముందుకి రాలేదు, చెయ్యి ఇవ్వలేదు.

పొడి ఇసుకలో రెండు కర్రలూ ముందుకి వేసింది. రింగులు ఇసుక మీద కూర్చున్నాయి. చేతుల మీద లేచి ఒంటిని ఊపుగా ముందుకి తీసుకెళ్లి ఎడమకాలు దించింది. మళ్లీ కర్రలు వేసింది. ఇసుక రింగుల్లోంచి సన్నగా జారిపోతోంది. ఆ భుజాలు, ఆ చేతులు, ఒంట్లో ఉన్న బలమంతా ఒక్క దిక్కుకి పోవడం చూస్తూ నేను నడవడం మర్చిపోయాను. ఎముకలూ కండరాలూ ఇన్నేళ్లు చదివాను, ఇలా చేయగలవని నాకు ఎవరూ చెప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పైకే చెప్తున్నాను, సిగ్గేమీ లేదు.

ఒడ్డున చేపల కుప్ప చుట్టూ ఆడవాళ్లు అప్పటికే మూగారు. వాళ్లమ్మ చోట్లో ఎవరో లావుపాటావిడ నిలబడి ఉంది. తిరుపతమ్మ వచ్చి ఆమె పక్కనే కర్రలు దించి ఆగింది. ఆవిడ తిరుపతమ్మ కర్రల వంక, కింద రింగుల వంక, మొహం వంక చూసి ఓ అడుగు పక్కకి జరిగింది.

పాట మొదలైంది. తిరుపతమ్మ ఒక కర్రని చంకలోనే ఉంచి, రెండోది పక్కనున్న పడవ అంచుకి ఆనించి, వంగి ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. ఇంకోటి చూసింది. ఆ తర్వాత తలెత్తి మొదటి పాట పాడింది. ఇంకెవరో పెంచారు, ఆమె ఇంకా పెంచింది. పడవల మగాళ్లు ఆమె వైపు తిరిగి ఆమెతోనే బేరమాడుతున్నారు. ఎవరూ ఆమె కాళ్ల వంక చూడటం లేదు.

నేను ఇంకా దగ్గరగా చూడాలని కుప్ప పక్కకి వెళ్లి నిలబడ్డాను. ఆమె మోచెయ్యి సరిగ్గా వంగిందో లేదో, బరువు చంక మీద పడుతోందో అరచేతి మీద పడుతోందో చూస్తున్నాను. తిరుపతమ్మ నా వైపు చూడకుండానే చెయ్యి ఊపింది.

"కొంచెం జరగండమ్మా, చేపలు కనబడట్లా."

నేను జరిగాను.